తుప్పు చూసి కలపాలి

మ్యూజియం వెనక గదిలో పాత కాగితాలు బాగుచేసే ఆవిడకు అతుకులమ్మ అని పేరు పెట్టింది గేటు దగ్గరి వాచ్‌మన్. పెట్టినవాడు రిటైరై వెళ్ళిపోయాడు గానీ పేరు మాత్రం ఉద్యోగంలోనే ఉండిపోయింది. ఆవిడకూ అభ్యంతరం లేదు. చిరిగినదాన్ని అతికేవాళ్ళను ఇలా వెక్కిరిస్తారు గానీ, ఉన్నదాన్ని చింపేవాళ్ళకు లోకంలో ఎన్ని గొప్ప బిరుదులు లేవు!

ఆ ఏడాది ఆవిడ బల్ల మీదికి వంతెన పెట్టె వచ్చింది. యాభై రెండేళ్ళ కిందట మిల్లు మూసేశారని కార్మికులు ఊరేగింపుగా నది దాటబోతుంటే వంతెన మీద సైనికులు అడ్డం నిలబడ్డారు. కాల్పులు జరిగాయి. ముగ్గురు పోయారు. ఇంతవరకూ ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. ఆ పైన ఒక్క ముక్క దగ్గర కూడా ఇద్దరికి పొత్తు కుదరదు. మిల్లు పేటలో అడిగితే జనం చేతుల్లో టిఫిన్ డబ్బాలు తప్ప ఏమీ లేవంటారు. కంటోన్మెంటు వైపు అడిగితే రాళ్ళ వాన కురిసిందంటారు. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ళు మూడే కాళ్ళంటారు. నాలుగో కాలు నదిలో కొట్టుకుపోయినట్టుంది.

పోయిన ముగ్గురిలో ఒకడు పంతొమ్మిదేళ్ళవాడు. నీలం చొక్కా వేసుకున్నాడు. అతను అతుకులమ్మకు స్వయానా మేనమామ, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆవిడ పుట్టకముందే పోయాడు కాబట్టి గోడ మీది ఫొటోగా తప్ప ఆవిడ అతన్ని ఎరగదు.

పెట్టె అప్పగించేటప్పుడు మ్యూజియం మేడమ్ మొహమాటంగానే అడిగింది. "మీ మామయ్య సంగతి కదా, మీరు చేయగలరా? పోనీ వేరేవాళ్ళని పిలవనా?"

"కాగితానికి చుట్టాలుండరు మేడమ్" అంది అతుకులమ్మ. అన్న తర్వాత ఆ మాట తనకే బాగా నచ్చింది. ఇంటికెళ్ళేదాకా రెండుసార్లు లోలోపల అనుకుంది కూడా.

వంతెన మీద జరిగినదాన్ని మ్యూజియంలో ఒక గోడ మీద పెడతారని తెలిసిన రోజు నుంచీ అమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి.

"వాడి చేతిలో ఏమీ లేదని రాయండే. ఆ ఒక్క మాట గోడ మీద చూసి కళ్ళు మూస్తాను."

"మూసుకోడానికి అంత తొందరేంటి? చూడాలంటే ముందు కళ్ళజోడు మార్పించుకో."

"వేళాకోళాలు తర్వాత. రాస్తారా, రాయరా?"

"రాస్తామమ్మా" అని మాటిచ్చింది కూతురు. మాట ఇవ్వడానికి తనకేమీ అధికారం లేదు. ఆ మాటకొస్తే ఎవరికీ లేదు, కమిటీ ఉంది. కానీ అమ్మ అలా అడిగితే కమిటీలూ గిమిటీలూ ఎవరికి గుర్తుంటాయి?

పెట్టెలో ఉన్నవి అప్పటి విచారణలో రాసుకున్న వాంగ్మూలాలు. అడిగింది ప్రశ్న, చెప్పింది జవాబు, మధ్యలో గుమాస్తాగారి గుండ్రటి చేతిరాత. సాక్షి ఎవరన్నది కాగితం మీద రాయలేదు. భయపడకుండా చెప్తారని కాబోలు, ఆ వివరం ఒక చిన్న చీటీ మీద రాసి మొదటి కాగితానికి గుండుసూదితో గుచ్చేవారు. యాభై ఏళ్ళ చెమ్మకు సూదులన్నీ తుప్పు పట్టి కాగితాన్ని కరుచుకుపోయాయి. కొన్నింటికి వెనక పేజీలే మిగల్లేదు, చివికి ముద్దయిపోయాయి.

అలాంటి సూదిని లాగకూడదు. కింద పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, తడి బ్రష్షుతో మెల్లగా తుప్పు వదిలిస్తూ, పసిబిడ్డ చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు తీయాలి. అలా పదిహేనింటికి తీసింది. చివరి రెండింటికి తీయడానికి సూదులే లేవు. పొడైపోయాయి. రెండు కాగితాలు ఒకచోట, రెండు చీటీలు పెట్టె అడుగున. ఒక చీటీ మీద 'సిపాయి' అనీ ఒక నంబరూ ఉన్నాయి. రెండో చీటీ మీద 'మృతుడి అక్క' అని ఉంది.

అతుకులమ్మ చేతిలో బ్రష్షు ఆగిపోయింది. అమ్మ వాంగ్మూలం ఇచ్చిందని ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

మొదటి కాగితం చదివింది.

*ప్రశ్న: నీలం చొక్కా యువకుడి చేతిలో ఏముంది?*
*జవాబు: రాయి. కుడిచేతిలో. చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు.*
*ప్రశ్న: విసిరాడా?*
*జవాబు: లేదు. పారెయ్ అని అరిచాను.*
*ప్రశ్న: పారేశాడా?*
*జవాబు: తెలియదు. జనం అడ్డొచ్చారు. తర్వాత తుపాకుల చప్పుడు.*

రెండోది చదివింది.

*ప్రశ్న: నీలం చొక్కా యువకుడి చేతిలో ఏముంది?*
*జవాబు: ఏమీ లేదు.*
*ప్రశ్న: ఎలా చెప్పగలరు?*
*జవాబు: ఎవరో పిలిచినట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు. అరచేతులు కనబడ్డాయి. కుడి అరచేతికి మట్టి అంటి ఉంది. అంతే.*

ఇంకా అనుమానమెందుకు? రాయి ఉందన్నవాడు, పారెయ్ అని గద్దించినవాడు సిపాయి. చేతులు ఖాళీ అన్నది అక్క. అమ్మ యాభై రెండేళ్ళుగా అంటున్నదీ అదే మాట. అతుకులమ్మ జిగురు కలిపి, ఏ చీటీ దానికి అతికి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి బరువు పెట్టింది. కళ్ళు తుడుచుకుని టీ తాగడానికి వెళ్ళింది.

సోమవారం కమిటీ కూర్చుంది. కమిటీ అంటే పెద్ద సభేమీ కాదు, మేడమూ, మాజీ సైనికుల సంఘం తరఫున వచ్చే కెప్టెన్‌గారూ, కాగితాలు పట్టుకుని అతుకులమ్మ. కెప్టెన్‌గారు రిటైరై ఇరవై ఏళ్ళయినా కుర్చీలో అటెన్షన్‌లోనే కూర్చుంటారు. మేడమ్ రెండు వాంగ్మూలాలూ, చీటీలతో సహా, బయటికి చదివింది.

"చూశారా" అన్నారు కెప్టెన్‌గారు సిపాయి చీటీ ఉన్నదాన్ని వేలితో తడుతూ. "ఇదీ క్రమశిక్షణ ఉన్న కన్ను. ఏ చెయ్యి, ఎక్కడ పెట్టాడు, ఎంత తూచినట్టు చెప్పాడు! ఆ రెండోదంటారా, పాపం, తోబుట్టువు ప్రేమ. తమ్ముడి చేతిలో రాయి ఏ అక్క కంటికైనా ఆనుతుందా?"

"సిపాయి రాయి లేదంటాడా మరి, తన మెడకు తనే ఉరి వేసుకోవడానికి?" అంది మేడమ్. "పైవాళ్ళు చెప్పమన్నది చెప్పాడు. ఆ అమ్మాయి మాటల్లో ఎంత నిజాయితీ ఉందో చూడండి. మట్టి అంటిందని కూడా దాచలేదు."

"అల్లరిమూక రాళ్ళతో దాడి చేయగా, అని రాయండి. నేను సంతకం పెడతాను."

"నిరాయుధుల మీద, అని రాస్తాను. మీరు పెట్టకపోయినా సరే."

ఇద్దరూ చదువుకున్నవాళ్ళే కాబట్టి అరుచుకోలేదు. 'గౌరవనీయులైన మీరు' అంటూ గంటసేపు పోట్లాడుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, శుక్రవారానికల్లా ఒక మాట మీదికి రాకపోతే ఆ గోడ మీద కాల్పుల ఊసే ఉండదు. వంతెన ఎలా కట్టారు, ఎన్ని టన్నుల ఇనుము పట్టింది అన్న బొమ్మ పెట్టేస్తారు. ఇనుము బరువు గురించి ఎవరూ కొట్టుకోరు కదా.

మంగళవారం జిగురు మాస్టారు వచ్చారు. అతుకులమ్మకు పని నేర్పింది ఆయనే. రిటైరై పదేళ్ళయింది, ఇంట్లో ఉంటే కాళ్ళకు అడ్డం పడుతున్నావని భార్య తరిమేస్తే మంగళవారం మంగళవారం ఇక్కడికొచ్చి కూర్చుంటారు. వచ్చినవారు ఊరుకోరు. బల్ల మీదున్నదల్లా ఎత్తి చూస్తారు.

అక్క వాంగ్మూలాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశారు. సిపాయిదీ చూశారు. నాలుక చప్పరించారు. ఆ చప్పుడు వింటే అతుకులమ్మకు ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడతాయి.

"ఇవి రెండూ ఎలా కలిపావమ్మా?"

"సూదులు పొడైపోయాయి మాస్టారూ. చదివితే ఏది ఎవరిదో తెలిసిపోయింది."

"చదివావా?" అన్నారాయన, ఏదో దొంగతనం బయటపడినట్టు. "నీకు మొదటి రోజే ఏం చెప్పాను? మాట చూసి కాదు, తుప్పు చూసి కలపాలి. మాటలకేం, ఎటు కావాలంటే అటు అతుక్కుంటాయి. ఇలా రా."

వచ్చి చూసింది. ఒక కాగితం మీద సూది నిటారుగా గుచ్చారు. రెండు చిల్లులూ ఒకదాని కింద ఒకటి, మధ్యలో గోధుమరంగు గీత. రెండో కాగితం మీద సూది ఏటవాలుగా దిగింది, గీత కూడా ఏటవాలే. సిపాయి చీటీ మీద తుప్పు గీత ఏటవాలుగా ఉంది. అక్క చీటీ మీద నిటారుగా ఉంది. ఆవిడ అతికిన రెండూ తారుమారు.

"ఇంకా కావాలంటే ఇప్పుడు చదువు" అన్నారు మాస్టారు. "వీపు వెనక దాచుకున్న చెయ్యి ఎవరికి కనిపిస్తుంది?"

"వెనక నిలబడ్డవాళ్ళకి."

"ఎత్తిన అరచేతులు?"

ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. ఎదురుగా తుపాకీ పట్టుకుని నిలబడ్డవాడికి. రాయి ఉందన్నది అమ్మ. చేతులు ఖాళీ అన్నది సిపాయి.

"అంత స్పష్టంగా రాసి ఉంటే నాకెందుకు కనబడలేదు మాస్టారూ?"

"కనబడింది. నువ్వు ముందే నిర్ణయించుకుని చూశావు. నేనూ చేశాను ఒకప్పుడు, నా చెవి మా గురువుగారి చేతిలో ఉండగా తెలుసుకున్నాను. ఇప్పుడైనా తడిపి ఊడదియ్యి."

జిగురు ఊడదీయడం అరగంట పని. మనసును ఊడదీయడానికి రెండు రోజులు పట్టింది. చెప్పొద్దంటే మాస్టారు ఎవరికీ చెప్పరు. చీటీలు ఉన్నట్టే ఉంచేస్తే మేడమ్ ఎలాగూ తనవైపే ఉంది, కెప్టెన్‌గారిని ఏదోలా ఒప్పించవచ్చు, అమ్మకు కావలసిన మాట అమ్మ పేరుతోనే గోడెక్కుతుంది. నిజం చెప్తే? వాడి సొంత అక్కే రాయి ఉందని చెప్పిందట అని ఊరు ఊరంతా చదువుతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. ఇంట్లో అమ్మ రోజూ అన్నం వడ్డిస్తూ "ఎంతవరకూ వచ్చిందే?" అని అడుగుతోంది. "అవుతోందమ్మా" అని పళ్ళెంలోకి చూసి చెబుతోంది. అమ్మ యాభై రెండేళ్ళుగా అబద్ధం చెప్పిందా అన్న ఆలోచన వచ్చినప్పుడు మాత్రం పళ్ళెం ముందు నుంచి లేచిపోయింది. అమ్మ మీద కోపం వచ్చింది. అమ్మ మీద జాలి వచ్చింది. రెంటిలో ఏది ముందో చెప్పడం కష్టం.

గురువారం పొద్దున ఆవిడ చేతులకు అంటిన జిగురు గీక్కుంటూ ఒక సంగతి ఆలోచించింది. ఆ సిపాయి ఎవరో గానీ, తోటివాళ్ళు కాల్చిన మనిషి చేతులు ఖాళీ అని, పైఅధికారులు కూర్చున్న గదిలో నిలబడి చెప్పాడు. అంత ధైర్యంగా చెప్పిన మాటను తీసుకెళ్ళి వేరొకరికి అతికేసింది తను. అది కూడా చింపడమే. ఇక ఆగలేదు, తిన్నగా మేడమ్ గదికి వెళ్ళి కెప్టెన్‌గారిని పిలిపించమంది.

ఇద్దరి ముందూ చెప్పేసింది. ఎలా కలిపిందీ, ఎందుకు కలిపిందీ, మామయ్య సంగతీ, చుట్టాలుండరని తను కొట్టిన గొప్పా, ఏదీ దాచలేదు. కిటికీ దగ్గర తుప్పు గీతలు చూపించింది. "ఉద్యోగంలోంచి తీసేసినా తప్పులేదు మేడమ్" అని కూర్చుంది.

సోమవారం ఎవరేమన్నారో ఎవరికి వాళ్ళకు గుర్తొస్తోంది. క్రమశిక్షణ ఉన్న కన్ను మిల్లు పేట ఆడపిల్లదైంది. నిజాయితీ ఉట్టిపడే మాటలు సిపాయివయ్యాయి.

"అంటే..." అంది మేడమ్, కళ్ళజోడు తీసి తుడుస్తూ, "సిపాయి అని రాసి ఉంటే అబద్ధమన్నాను. అదే మాట మీద అక్క అని రాసి ఉంటే నిజమన్నాను. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను నేను."

"మీరొక్కరే చేశారా?" అన్నారు కెప్టెన్‌గారు. మొదటిసారి ఆయన వీపు కుర్చీకి ఆనింది. ఏటవాలు తుప్పు గీత ఉన్న కాగితాన్ని చాలాసేపు చూశారు. "నేను ఇన్నాళ్ళూ మావాళ్ళ పరువు కాపాడాలని మీతో గొడవపడ్డాను. పరువు కాపాడినవాడు ఇక్కడున్నాడు. వాణ్ణి తోబుట్టువు ప్రేమ అని కొట్టిపారేశాను." జేబులోంచి చిన్న పుస్తకం తీసి సిపాయి నంబరు రాసుకున్నారు. "ఇతను ఎక్కడున్నాడో కనుక్కుంటాను. ఉంటే తీసుకొస్తాను, లేకపోతే అతని పిల్లల్ని తీసుకొస్తాను."

అల్లరిమూక అన్న మాటా పోయింది, నిరాయుధులన్న మాటా పోయింది. రెండు వాంగ్మూలాలూ ఉన్నవి ఉన్నట్టు గోడ మీద పెడదామన్నారు, చదివేవాళ్ళే తేల్చుకుంటారు. అయితే పైన ఏది, కింద ఏది అన్నచోట మళ్ళీ గౌరవనీయులైన మీరు మొదలైంది. పైగా బతికున్న సాక్షి వాంగ్మూలం పెట్టాలంటే సాక్షి సంతకం కావాలి. రూలు.

"మీ అమ్మగారు పెడతారా?" అంది మేడమ్.

"పెట్టకపోవచ్చు" అంది అతుకులమ్మ. మేడమ్ ఉద్యోగం మాట ఎత్తలేదు, రెండు కాగితాలకూ నకళ్ళు తీసి చేతిలో పెట్టింది.

ఇంటికెళ్ళేసరికి ఇంకా ఎండ ఉంది. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని తలగడ గలీబు కుట్టుకుంటోంది. కూతురు ఏమీ చెప్పకుండా నిటారు గీత ఉన్న కాగితం ఒళ్ళో పెట్టింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని మొదటి రెండు వరసలు చదివి కాగితాన్ని బోర్లా తిప్పేసింది.

"ఇది తగలబడిపోయిందనుకున్నాను."

"పోలేదమ్మా."

"చెప్పమన్నారే. నిజం చెప్పమ్మా, నీకేం భయం లేదు అన్నారు. ఇరవై రెండేళ్ళదాన్ని. నిజం చెప్పేశాను. దాన్ని పట్టుకుని రిపోర్టులో ఏం రాశారో తెలుసా? యువకుడి చేతిలో రాయి ఉన్నట్టు సాక్ష్యం ఉన్నది. అంతే, మూసేశారు. ఒక్కరికి శిక్ష పడలేదు. ఆ సాక్ష్యం ఎవరిదో పేటలో ఎవరికీ తెలీదు. నాకు తెలుసు." సూది గలీబుకు గుచ్చి పక్కన పెట్టింది. "అప్పట్నుంచీ ఏమీ లేదు, ఏమీ లేదు అనే చెబుతున్నాను. వెయ్యిసార్లు చెబితే అదే నిజమవుతుందేమోనని. నువ్వు కూడా ఏమైనా అనాలనుకుంటే అను."

అతుకులమ్మ రెండు రోజులుగా దాచుకున్న కోపం ఎక్కడుందో వెతుక్కుంది. దొరకలేదు. రెండో కాగితం చేతికిచ్చింది.

"ఇదెవరిది?"

"ఎదురుగా నిలబడ్డ సిపాయిది. విచారణలో చెప్పాడు. రిపోర్టులో దీని ఊసు రాయలేదు."

అమ్మ చదివింది. పెదవులు కదుపుతూ మళ్ళీ చదివింది. మూడోసారి వేలు ఒక వరస కింద పెట్టి అక్కడే ఆపేసింది.

"వెనక్కి తిరిగి చూశాడా?"

"చూశాడటమ్మా."

"ఎవరో పిలిచినట్టా?"

"అవును."

"అయితే విన్నాడే" అంది అమ్మ. గొంతు ఆనాటి ఇరవై రెండేళ్ళ పిల్లదానిలా పలికింది. "నాకు ఇప్పటిదాకా తెలీదే. జనం అడ్డొచ్చేశారు. వినలేదనుకున్నాను, ఆ రాయి చేతిలో ఉండగానే పోయాడనుకున్నాను. పారేశాడా! నడక వచ్చినప్పట్నుంచీ ఒక్కటంటే ఒక్క మాట వినని వెధవ. తల దువ్వుకోరా అంటే వినడు, అన్నానికి రారా అంటే వినడు. ఆ ఒక్కసారి విన్నాడే నా మాట."

ఏడ్చింది, మధ్యలో నవ్వింది. కూతురు పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది. యాభై రెండేళ్ళ బరువు దిగడానికి ఎంతసేపు పట్టాలో అంతసేపూ ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

తర్వాత అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, రెండు కాగితాలూ ఒళ్ళో ఒకదాని కింద ఒకటి సర్దింది.

"గోడ మీద రెండూ పెట్టండి. నాది పైన, ఆ సిపాయి బాబుది కింద. వరస మార్చకండి. ముందు నేను అరిచాను, తర్వాత వాడు పారేశాడు. చదివేవాళ్ళకి అది తెలియాలి. సంతకం ఎక్కడో చూపించు."